ముందు బ్రేకు, ఆ తర్వాతే గ్రాఫిక్స్ కార్డు

మొదటే ఒప్పేసుకుంటా. టెన్త్ పరీక్ష తర్వాత తెలుగులో ఒక పేజీ దాటి రాయడం ఇదే మొదటిసారి. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం, ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్న బ్యాచ్ నాది. క్లబ్ ఎడిటర్ అక్క "క్యాంటీన్‌లో రోజూ ఆ స్టీరింగ్ గోల చెప్పి చంపుతున్నావ్ కదా, అదేదో రాసి ఇవ్వు" అంది కాబట్టి రాస్తున్నా. ఒత్తులు తప్పితే అక్కదే బాధ్యత.

సిమ్ రేసింగ్ తెలియని వాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తా. కంప్యూటర్‌కి స్టీరింగ్ వీల్, పెడల్స్ తగిలించి రేస్ కారు నడపడం. ఫోన్‌లో ఆడే కార్ల గేమ్ లాంటిది కాదు. టైరు ఎంత వేడెక్కింది, అందులో గాలి ఎంత ఉంది, ట్యాంకులో పెట్రోల్ బరువు ఎంత, అన్నీ లెక్కలోకి వస్తాయి. నేను నడిపేది అసెట్టో కోర్సా. 2014లో వచ్చింది, ఇటలీలోని కునోస్ సిమ్యులాజియోని అనే కంపెనీ చేసింది. పాతదే, కానీ లోపల దాని ఫిజిక్స్ సెకనుకి 333 సార్లు లెక్క కడుతుంది. మన హాస్టల్ మానిటర్ల మీద బొమ్మ సెకనుకి 60 సార్లే మారుతుంది. అంటే ఒక బొమ్మకీ ఇంకో బొమ్మకీ మధ్యలో టైరు కథ ఐదారు సార్లు మారిపోయి ఉంటుంది. ఈ తేడా కాస్త గుర్తు పెట్టుకోండి.

నేను వీల్ కొన్నానని తెలిసినప్పటి నుంచి జూనియర్లు అడిగే ప్రశ్న ఒక్కటే. "అన్నా, ఏ గ్రాఫిక్స్ కార్డు?" ఇప్పటిదాకా ఒక్కడు కూడా "అన్నా, బ్రేకు ఏది?" అని అడగలేదు. నా అభిప్రాయం అంతా ఇక్కడే ఉంది. మనం డబ్బు తప్పు చివర పెడుతున్నాం. ముందు కదలకుండా కూర్చునే సీటు, తర్వాత బ్రేకు, తర్వాత వీల్, తర్వాత మానిటర్ దూరం. ఇవన్నీ అయ్యాక, ఇంకా డబ్బు మిగిలితే, అప్పుడు గ్రాఫిక్స్ కార్డు. ఇది నేను ఎక్కడో చదివి చెప్పడం లేదు. 24 వేలు తగలేసి తెలుసుకున్నా.

ఆ 24 వేల కథ చెప్పాలంటే కొంచెం సిగ్గుగానే ఉంది. మాది సూర్యాపేట. ఇంట్లో ఒక పాత డెస్క్‌టాప్ ఉంది. నాలుగో జనరేషన్ ఐ5, 8 జీబీ ర్యామ్, 1050 టీఐ కార్డు. ఎంఎస్‌కి వెళ్ళిపోతున్న ఒక సీనియర్ అన్న దగ్గర సెకండ్ హ్యాండ్‌లో వీల్, పెడల్స్ 11 వేలకి తీసుకున్నా. లోపల గేర్లతో తిరిగే పాత రకం. దాన్ని చదువుకునే టేబుల్‌కి బిగించి మోంజా ట్రాక్ మీద జీటీ3 కారుతో తిరిగేవాణ్ణి. నా బెస్ట్ ల్యాప్ 1 నిమిషం 54 సెకన్లు. అదే కారుతో బాగా నడిపేవాళ్ళు 1:48, 1:49 తిప్పేస్తారు. ఆ ఐదారు సెకన్లు ఎక్కడున్నాయి? నాకు డౌటే లేదు, గ్రాఫిక్స్ కార్డులో ఉన్నాయి అనుకున్నా. యూట్యూబ్‌లో అందరి స్క్రీనూ నా స్క్రీన్ కంటే మెరుస్తోంది కదా.

ఇంట్లో చెప్పిన కారణం మాత్రం వేరే. "మెషిన్ లెర్నింగ్ కోసం జీపీయూ కావాలి నాన్నా, కోర్స్‌కి తప్పనిసరి." సీఎస్ఈ వాళ్ళు నవ్వకండి, మీలో సగం మంది ఇదే డైలాగ్ వేసి ఉంటారు. అమ్మ కట్టే చీటీ ఆ నెల ఎత్తి డబ్బు ఇచ్చారు. చీటీ ముందుగా ఎత్తితే ఎంత పోతుందో మీ అమ్మని అడగండి, చెప్తుంది. ఆ కార్డు మీద నేను ట్రెయిన్ చేసిన మోడల్ మొత్తానికి ఒక్కటి. చేతిరాత అంకెల్ని గుర్తుపట్టేది. అది మామూలు ల్యాప్‌టాప్ మీద కూడా కాసేపట్లో అయిపోతుంది.

కొత్త కార్డుతో ఫ్రేములు 70 నుంచి 110కి వెళ్ళాయి. మానిటర్ 60 హెర్ట్జ్. మిగతా 50 ఎక్కడికి పోయాయి అంటే ఎక్కడికీ పోలేదు, నాకు కనిపించలేదు అంతే. ఆలస్యం ఒక ముక్క తగ్గుతుంది, అది నిజమే, కానీ నా స్థాయికి అది లెక్కలోకి రాదు. చెట్ల నీడలు అద్భుతంగా పడుతున్నాయి. ల్యాప్ 1:54.

తర్వాత ఒక ఆదివారం నాన్న వచ్చి పక్కన నిలబడ్డాడు. నాన్న ట్రావెల్స్‌లో కారు నడుపుతాడు. సూర్యాపేట, హైదరాబాద్ మధ్య నేను పుట్టక ముందు నుంచీ అదే రోడ్డు. "నేను ఒకసారి చూస్తా" అని కూర్చున్నాడు. మోంజాలో స్టార్ట్ లైన్ దాటాక పెద్ద స్ట్రెయిట్ ఉంటుంది, దాని చివర గంటకి 270 దగ్గర నుంచి ఒక్కసారిగా 80కి దిగాలి. నాన్న దిగలేదు. నేరుగా గడ్డిలోకి వెళ్ళిపోయాడు. రెండోసారీ అంతే. మూడోసారి ఆపి, వంగి పెడల్‌ని చేత్తో నొక్కి చూశాడు.

"ఏందిరా ఇది, బ్రేకుకు జానే లేదు. కాలు లోపలికి పోతనే ఉన్నది, యాడ పట్టుకున్నదో తెలుస్తలేదు."

గ్రాఫిక్స్ గురించి ఒక్క మాట అనలేదు. కార్డు ఎంత అని కూడా అడగలేదు. ఈ బ్రేకుతో బండి తీస్తే చౌటుప్పల్ కూడా దాటలేమని లేచి టీ తాగడానికి వెళ్ళిపోయాడు.

నేను చాలాసేపు ఆ పెడల్‌నే చూస్తూ కూర్చున్నా. నాన్న చెప్పింది అక్షరాలా ఇంజినీరింగ్. నిజం కారులో బ్రేకు నొక్కితే మొదట కొంచెం ఖాళీ ఉంటుంది, తర్వాత ప్యాడ్లు డిస్కుని పట్టుకుంటాయి. అక్కడి నుంచి పెడల్ పెద్దగా కదలదు. నువ్వు ఎంత గట్టిగా తొక్కితే లోపల ద్రవం ప్రెషర్ అంత పెరుగుతుంది, కారు అంత ఆగుతుంది. అంటే కాలు కొలిచేది బలం, దూరం కాదు. చవక పెడల్స్‌లో ఉండేది పొటెన్షియోమీటర్, పాత రేడియో వాల్యూమ్ మర లాంటిది. అది పెడల్ ఎంత తిరిగిందో చెప్తుంది. ఎంత గట్టిగా తొక్కావో దానికి అనవసరం. 70 శాతం బ్రేకు కావాలంటే పాదం సరిగ్గా అన్ని సెంటీమీటర్ల దగ్గర ఆగాలి. కళ్ళు మూసుకుని పాదాన్ని సరిగ్గా నాలుగు సెంటీమీటర్లు కదపండి చూద్దాం. ఒక్కో ల్యాప్‌కి ఒక్కోలా వస్తుంది. అదే, నిన్న ఎంత గట్టిగా తొక్కావో ఈరోజు అంత గట్టిగా తొక్కు అంటే మన కాలికి చాలావరకు గుర్తుంటుంది. రోజూ కిక్ కొట్టే పాత బండి మీద మనకి ఇది తెలిసిందే.

రేసులో ఇంకో చిక్కు ఉంది. గట్టిగా తొక్కడంతో పని అయిపోదు, మలుపులోకి తిప్పుతూ బ్రేకుని కొంచెం కొంచెంగా వదలాలి. ట్రెయిల్ బ్రేకింగ్ అంటారు. ముందు టైర్ల మీద బరువు ఉండగానే కారు తిరగాలి కాబట్టి. ఆ వదలడం ఒక్కసారిగా జరిగితే ముందు భాగం తేలికై కారు బయటికి జారుతుంది, ఆలస్యమైతే వెనక భాగం తిరిగిపోతుంది. నా ఐదు సెకన్లలో ఎక్కువ భాగం అక్కడే ఉందని రీప్లే చూస్తే అర్థమైంది. ఒక్కో మలుపులో అర సెకను.

పరిష్కారం పేరు లోడ్ సెల్. ఒక లోహపు ముక్క, దాని మీద అంటించిన స్ట్రెయిన్ గేజులు. నొక్కితే లోహం కంటికి కనపడనంత వంగుతుంది, గేజుల నిరోధం మారుతుంది. నాలుగింటిని వీట్‌స్టన్ బ్రిడ్జిలా కలిపితే ఆ మార్పు మిల్లీవోల్టుల్లో బయటికి వస్తుంది. అవును, అదే వీట్‌స్టన్ బ్రిడ్జి. ఇంటర్‌లో మీటర్ బ్రిడ్జి ప్రాక్టికల్ రికార్డు మనం పక్కవాడిది చూసి రాశాం కదా, దాని పని ఇది. కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటాలో ఉండేది కూడా ఇదే.

లోడ్ సెల్ ఉన్న రెడీమేడ్ పెడల్స్ బయట దొరుకుతాయి, నా దగ్గర డబ్బు లేదు. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్ళి ఒక లోడ్ సెల్, ఒక హెచ్ఎక్స్711 బోర్డు, ఒక ప్రో మైక్రో తెచ్చుకున్నా. ప్రో మైక్రోనే ఎందుకంటే దాని చిప్‌కి సొంతంగా యూఎస్‌బీ ఉంది, కంప్యూటర్‌కి అది నేరుగా జాయ్‌స్టిక్‌లా కనిపిస్తుంది. ల్యాబ్‌లో మిగిలిన ఊనో వాడదాం అనుకుంటే అంత తేలిగ్గా కాదు. వైర్లు, బోల్టులు అన్నీ కలిపి 1,400 అయింది.

ఇక్కడ నేను చేసిన తెలివితక్కువ పని కూడా చెప్పాలి, ఎందుకంటే మీరూ చేస్తారు. అన్నీ కలిపాక బ్రేకు పని చేస్తోంది, కానీ ఏదో ఆలస్యం. ప్రతిసారీ మలుపు దాటాక పట్టుకుంటోంది. రెండు రోజులు నా కోడ్‌ని తిట్టుకున్నా. చివరికి డేటాషీట్ చదివితే తేలింది. హెచ్ఎక్స్711 సెకనుకి 10 సార్లు గానీ 80 సార్లు గానీ కొలుస్తుంది, నాకు వచ్చిన బోర్డులో ఆ పిన్ను 10కి కట్టేసి ఉంది. గంటకి 270 అంటే సెకనుకి 75 మీటర్లు. పదో వంతు సెకను ఆలస్యం అంటే ఏడున్నర మీటర్లు. ఒక బస్సు పొడవుకి కొంచెం తక్కువ. పిన్ను ఎత్తి సోల్డర్ చేసి 80కి మార్చాక ఆ దూరం మీటరు లోపుకి వచ్చింది. డేటాషీట్ ముందే చదవాలని మా మైక్రోప్రాసెసర్స్ సార్ చెప్తూనే ఉంటారు, అది వేరే విషయం.

అసలు కామెడీ తర్వాత మొదలైంది. బ్రేకు గట్టిపడింది కదా, 30 కేజీల బలంతో తొక్కాను. చక్రాల కుర్చీ నాతో సహా వెనక్కి వెళ్ళి బీరువాకి గుద్దుకుంది. న్యూటన్ మూడో నియమం మా బెడ్‌రూమ్‌లో. అందుకే పైన లిస్టులో సీటుని బ్రేకు కంటే ముందు పెట్టా. ఫారిన్ వాళ్ళు అల్యూమినియం ప్రొఫైల్ అని ఖరీదైన కమ్మీలతో ఫ్రేము కట్టుకుంటారు. మనకి ప్రతి ఊళ్ళో వెల్డింగ్ షాపు ఉంది. ఒకటిన్నర అంగుళం స్క్వేర్ పైపు, స్క్రాప్‌లో దొరికిన మారుతి 800 సీటు, కూలితో కలిపి 3,500. వెల్డింగ్ అన్న "గిది ఏం గాడి తమ్మీ, చక్రాలు లేవు" అని ఒకటే నవ్వు. పెడల్‌కీ లోడ్ సెల్‌కీ మధ్య మెత్తదనం కోసం నాన్న సైలెన్సర్ వేలాడదీసే రబ్బరు ఒకటి తెచ్చి ఇచ్చాడు. ఖరీదైన పెడల్స్‌లో ఇలాంటి రబ్బర్లనే రంగురంగుల్లో ఇస్తారు.

వారం తర్వాత 1:51.

మూడు సెకన్లు. 24 వేలు ఇవ్వనిది 4,900 ఇచ్చింది. వారం ప్రాక్టీసు కూడా అందులో ఉంది, ఒప్పుకుంటా, ఇది సైంటిఫిక్ ప్రయోగం కాదు. అందుకే ఇంకో పని చేశా. కొత్త గ్రాఫిక్స్ కార్డు తీసేసి పాత 1050 టీఐ మళ్ళీ పెట్టి నడిపా. నీడలు పోయాయి. ల్యాప్ 1:51 లోనే ఉంది.

వీల్ గురించి తక్కువ చెప్తా, ఎందుకంటే దాని గురించి అందరూ చెప్తారు. మా తాతకి ఎడ్లబండి ఉండేది. పగ్గం చేతిలో ఉంటే ఎద్దు మనసు తెలుస్తుందని అనేవాడట. ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ అంటే ఆ పగ్గమే. ముందు టైర్లు రోడ్డుని గట్టిగా పట్టుకున్నంతసేపు వీల్ బరువుగా ఉంటుంది, పట్టు తప్పబోయే ముందు తేలికవుతుంది. ఆ తేలికదనం కంటికి కనిపించే లోపే చేతికి తెలియాలి. 333కీ 60కీ తేడా గుర్తు పెట్టుకోమన్నది ఇందుకే. ఇక్కడ మనవాళ్ళు చేసే తప్పు, వీల్ బలం వంద శాతం పెట్టేయడం. గేర్లతో తిరిగే వీల్స్ ఇచ్చే బలం 2 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. సిమ్ అంతకంటే ఎక్కువ అడిగితే పైన ఉన్నదంతా కత్తిరించినట్టు ఒకే మట్టానికి వస్తుంది. స్పీకర్ సౌండు మరీ పెంచితే పాట పగిలినట్టు. అప్పుడు టైరు తేలికైన సంగతి ఆ కత్తిరించిన భాగంలోనే పోతుంది, చేతికి అందదు. అసెట్టో కోర్సాలో పెడల్స్ చూపించే చిన్న బాక్సులో ఒక గీత ఎర్రబడితే ఇదే జరుగుతోందని అర్థం. అది ఎర్రబడనంత వరకు తగ్గించండి. రూపాయి ఖర్చు లేదు. డైరెక్ట్ డ్రైవ్ వీల్స్ మేలు అన్నది నిజం. గేర్లు, బెల్టు లేకుండా మోటార్ షాఫ్ట్‌కే వీల్ బిగిస్తారు. ఫానాటెక్ 2021లో తెచ్చిన సీఎస్ఎల్ డీడీ 5 న్యూటన్ మీటర్లు, మోజా ఆర్5 ఐదున్నర. డబ్బుంటే కొనండి. కానీ దాన్ని ఊగే టేబుల్‌కి బిగిస్తే టేబులే డ్రైవ్ చేస్తుంది.

ఇంకో ఫ్రీ విషయం మానిటర్ దూరం. 24 అంగుళాల మానిటర్ వెడల్పు 53 సెంటీమీటర్లు. కళ్ళకి 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటే అది నిజంగా ఆక్రమించే కోణం 48 డిగ్రీలే. వెడల్పులో సగాన్ని దూరంతో భాగించి, ట్యాన్ ఇన్వర్స్ తీసి, రెట్టింపు చేస్తే వస్తుంది, మనకి ఇది లెక్క కాదు. సిమ్‌లో అంతకంటే పెద్ద కోణం పెడితే మలుపులు ఉన్నదానికంటే దూరంగా కనిపిస్తాయి, ఎక్కడ బ్రేకు వేయాలో కన్ను మోసపోతుంది. మానిటర్‌ని వీల్ వెనక్కి లాగి 45 సెంటీమీటర్లకి తెస్తే 61 డిగ్రీలు అవుతుంది. అసెట్టో కోర్సా నిలువు కోణం అడుగుతుంది కాబట్టి ఎత్తు 30 సెంటీమీటర్లతో ఇదే లెక్క మళ్ళీ వేయాలి, 37 వస్తుంది. మొదటి రోజు గొట్టంలోంచి చూసినట్టు ఉంటుంది. మూడో రోజుకి అలవాటైపోతుంది.

గ్రాఫిక్స్ కార్డు ఎప్పుడూ వద్దు అనడం లేదు. మూడు మానిటర్లు పెడితే పిక్సెళ్ళు మూడింతలు, వీఆర్ పెడితే ఇంకా బరువు, అప్పుడు పెద్ద కార్డు లేకుండా కుదరదు. ఫ్రేములు 60 కంటే కిందికి జారి ఎగురుతూ పడుతూ ఉంటే అప్పుడూ కావాలి. మనలో ఎంతమందికి ఆ పరిస్థితి ఉంది? అందరిదీ ఒకే మానిటర్, అదీ 60 హెర్ట్జ్.

ఒక ఫ్రెండ్ అన్నాడు, "ఇంత చేసి ఏం లాభం, గేమే కదా." దానికి చాలామంది వెంటనే ఆ పేర్లు తీస్తారు. గ్రాన్ టురిస్మో ఆడి 2008లో జీటీ అకాడమీ గెలిచిన లూకాస్ ఓర్డోనెజ్, 2011లో గెలిచిన జాన్ మార్డెన్‌బరో, ఇద్దరూ నిజం రేసర్లు అయ్యారు, సినిమా కూడా వచ్చింది. నాకు ఆ సమాధానం నచ్చదు. నేను రేసర్‌ని అవ్వను. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు జరిగి జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు, ఆ తర్వాతి ఏడాది రేసు రద్దయింది. నాన్నకి ఆ రేసు గుర్తున్నది ట్రాఫిక్ డైవర్షన్ల వల్లే. క్రికెట్ ఆడేవాణ్ణి "ఇండియా టీమ్‌లోకి వెళ్తావా" అని అడగం కదా, నన్ను మాత్రం ఎందుకు అడగాలి? నాకు ఇది ఇష్టం. ఇష్టం అని చెప్పడానికి భయపడే కదా మెషిన్ లెర్నింగ్ అని అబద్ధం చెప్పింది. ఆ రోజే నిజం చెప్పి ఉంటే నాన్న ఆ బ్రేకు మాట అప్పుడే అనేవాడేమో, చీటీ కూడా ఉండేది.

కార్డుని 17 వేలకి అమ్మేశా. తర్వాత సెలవులకి నాన్న కారులోనే ఇంటికి వెళ్తూ చెప్పా, దేనికి కొన్నానో, ఏం జరిగిందో మొత్తం. పంతంగి టోల్‌గేటు దగ్గర మొదలుపెట్టా. చిట్యాల దాటింది, నార్కట్‌పల్లి దాటింది, నాన్న ఏమీ మాట్లాడలేదు. కట్టంగూరు దగ్గర అడిగాడు.

"ఎంతకు అమ్మినవ్?"

"17 వేలు."

"మిగతా ఏడు?"

నా దగ్గర సమాధానం లేదు. "అమ్మకు చెప్పుకో" అన్నాడు. చెప్పుకున్నా. ఆ సాయంత్రం ఎలా గడిచిందో ఇక్కడ రాయను. 17 వేలు అమ్మకి ఇచ్చేశా, ఏడు వేలు నెలకి 500 చొప్పున మెస్ తర్వాత మిగిలే డబ్బులోంచి కడుతున్నా. ఇప్పటికి నాలుగు కంతులు అయ్యాయి.

ఈ శనివారం ఇంటికి వెళ్తున్నా. సైలెన్సర్ రబ్బరు పగుళ్ళు వచ్చి బ్రేకు మళ్ళీ మెత్తబడింది. నాన్న ఇంకోటి తెచ్చి పెట్టాడట, ఈసారి కొంచెం గట్టిది.